చెరువు కట్ట ఎవరి బాధ్యత? దశబంధం నుంచి నీటి వినియోగదారుల సంఘం వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
– తెలుగు ప్రాంతాల్లో చెరువు కట్టల నిర్వహణకు ఏయే కాలాల్లో ఏయే ఏర్పాట్లు ఉండేవో వివరించగలుగుతారు.
– ఆ ఏర్పాట్లు బలహీనపడటానికి గల కారణాలను విశ్లేషించగలుగుతారు.
– 1997 చట్టం ప్రకారం ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాల స్వరూపాన్ని, వాటి పరిమితులను చెప్పగలుగుతారు.
– ఒక చెరువు నిర్వహణ పరిధిని నిర్ణయించేటప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

చెరువుల చరిత్ర అనగానే మనకు వాటిని తవ్వించిన రాజులు, మంత్రులు, సేనానులు గుర్తుకువస్తారు. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప చెరువును నిర్మించాడని, గణపతిదేవుని కాలంలో జగదాల ముమ్మడి పాకాల చెరువును కట్టించాడని మీరు చదివే ఉంటారు. సప్తసంతానాల్లో చెరువు ఒకటి. చెరువు తవ్వించినవాడికి పుణ్యం, కీర్తి దక్కుతాయన్న నమ్మకం ఆ రోజుల్లో బలంగా ఉండేది. కాబట్టి చెరువును ఎందుకు కట్టించారన్న ప్రశ్నకు సమాధానం తేలికగానే దొరుకుతుంది.

కట్టించిన వాడు పోయాక ఆ చెరువును ఎవరు నిలబెట్టారన్నది అంత తేలికైన ప్రశ్న కాదు. మట్టి కట్ట ఏటా కొంత అరిగిపోతుంది. వానకు మట్టి జారుతుంది, ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. కట్ట మీద మొలిచిన చెట్ల వేళ్ల వెంట నీరు దారి చేసుకుంటుంది. తూము పక్కన చిన్న చెమ్మగా మొదలైనది బుంగగా, బుంగ గండిగా మారుతుంది. నాలుగు తట్టల మట్టితో పోయే పనిని వాయిదా వేస్తే, చివరకు ఊరంతా కలిసినా పూడ్చలేని గండి పడుతుంది. చెరువును ఒకసారి కడితే సరిపోతుంది గాని, దాన్ని కాపాడే పని మాత్రం ప్రతి ఏటా ఉంటుంది.

కట్ట తెగితే నష్టం దాని కింద సాగు చేసే రైతులతో ఆగదు. మన చెరువులు చాలావరకు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారిన నీరు కింది చెరువులోకి చేరుతుంది. పై కట్ట తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది కట్ట మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరదల సమయంలో నదీ పరీవాహక ప్రాంతంలో 200కు పైగా చెరువులు తెగాయి. ఎక్కడో ఒక పల్లెలో కట్టను పట్టించుకోకపోతే దాని ఫలితాన్ని ఆ చెరువు పేరు కూడా వినని వారు అనుభవించవలసి వస్తుందని దీన్నిబట్టి గ్రహించండి.

ఈ పాఠంలో మూడు ప్రశ్నలను వెంటబెట్టుకొని ముందుకు సాగుదాం. చెరువు వల్ల లబ్ధి పొందేది ఎవరు? దాని మరమ్మతుకు ఖర్చు, శ్రమ భరించేది ఎవరు? నిర్ణయాలు తీసుకొనేది ఎవరు? ఈ మూడూ ఒకే పరిధిలో కలిసి ఉన్నప్పుడు కట్ట నిలిచింది. విడిపోయినప్పుడు కట్ట బలహీనపడింది. ఈ పాఠం చెప్పదలచుకొన్న ముఖ్యాంశం ఇదే.

2. పోరుమామిళ్ల శాసనం: కట్టడానికి కావలసినవి

కడప జిల్లా పోరుమామిళ్లలో క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిని పాలించిన భాస్కరుడు అక్కడ అనంతరాజ సాగరం అనే చెరువును నిర్మించిన సందర్భంలో దీన్ని వేయించారు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్లలో ఆ చెరువు పూర్తయిందని శాసనం చెబుతుంది.

మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను ఈ శాసనం వివరించడం విశేషం. ధర్మపరుడు, ధనవంతుడు అయిన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, తీయని నీరు గల నది, కట్టను ఆనించడానికి తగిన కొండలు, దగ్గరలో రాతి గని, కింద సారవంతమైన సమతల భూములు, నిర్మాణంలో నేర్పు గల పనివారు మొదలైనవి అంగాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు మధ్యలో మెరక, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం దోషాలు.

ఆరవ దోషం మనకు ముఖ్యమైనది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదని శాసనం అంటుంది. మిగిలిన అయిదు దోషాలు మట్టికీ, నీటికీ, భూమికీ సంబంధించినవి. ఇదొక్కటి మాత్రం పాలనకు సంబంధించినది. శాసనం దీనికి కారణం చెప్పదు. అయినా మనం ఊహించవచ్చు. కట్ట ఒకరి ఏలుబడిలో, పొలాలు మరొకరి ఏలుబడిలో ఉంటే పన్ను ఒకరికి వెళుతుంది, మరమ్మతు మరొకరి మీద పడుతుంది. తగాదా వస్తే తీర్చేవాడు ఉండడు. కట్ట ఎంత గట్టిగా ఉన్నా దాని చుట్టూ గీసిన పాలనా పరిధి తప్పుగా ఉంటే చెరువు నిలవదని 650 ఏళ్ల క్రితమే మనవారు గుర్తించారన్నమాట.

మరొక విషయం కూడా గమనించండి. ఆ 12 అంగాల్లో ఏటేటా మరమ్మతు ఖర్చు ఎవరు భరించాలన్న మాట లేదు. ఆ జాబితా చెరువును నిర్మించడానికి సంబంధించినది. నిలబెట్టడానికి సంబంధించిన సమాధానం వేరే ఏర్పాట్లలో దొరుకుతుంది.

3. దశబంధం, మేరలు

కాకతీయ, విజయనగర కాలపు శాసనాల్లో ‘దశబంధం’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. చెరువును నిర్మించిన లేదా తెగిన చెరువును బాగుచేసిన వ్యక్తికి ఆ చెరువు కింది భూమిలో గాని, రాబడిలో గాని కొంత భాగాన్ని ఇనాముగా ఇచ్చేవారు. మొదట పదో వంతు అన్న అర్థంలో ఈ పేరు వచ్చినా, భాగం ఎంతన్నది ఊరిని బట్టి మారేది. ఇనాము పొందినవాడు, అతని వారసులు చెరువును మంచి స్థితిలో ఉంచాలన్నది దీనిలోని షరతు.

రాయలసీమలో ఇది రెండు రకాలుగా ఉండేది. ఫలానా పొలం అని గుర్తించి ఇచ్చినది ఖండం దశబంధం. ఆయకట్టు మొత్తం మీద వచ్చే రాబడిలో వాటాగా ఇచ్చినది షామిలాత్ దశబంధం. రెండో రకంలోని తెలివిని గమనించండి. ఆయకట్టు ఎంత పండితే ఇనాందారుకు అంత వాటా వస్తుంది. తూము పూడిపోయి చివరి పొలానికి నీరందకపోతే అతని ఆదాయం కూడా తగ్గుతుంది. కాబట్టి కట్టను చూసుకోవడం అతనికి ధర్మకార్యం మాత్రమే కాదు, సొంత అవసరం కూడా.

రోజువారీ పనికి వేరే ఏర్పాటు ఉండేది. నీరటి, నీరుగంటి, నీరుకట్టు వంటి పేర్లతో పిలిచే గ్రామ సేవకుడు తూము తెరవడం, మూయడం, పొలాలకు వంతుల ప్రకారం నీరు పారించడం, వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద కాపలా కాయడం వంటి పనులు చేసేవాడు. అతనికి జీతం లేదు. పంట నూర్చిన తరవాత కళ్ళం దగ్గరే ప్రతి రైతూ కొంత ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. దీన్నే మేర అంటారు. కొన్ని చోట్ల చిన్న ఇనాము భూమి కూడా ఉండేది. పంట పండితేనే మేర దొరుకుతుంది గనుక నీరు చివరి పొలం దాకా చేరడం నీరటికీ ముఖ్యమే.

ఈ ఏర్పాట్లలో డబ్బు ఊరు దాటి వెళ్లలేదు. చెరువు నుంచి వచ్చిన ఫలంలో కొంత భాగం అక్కడికక్కడే చెరువుకు తిరిగి చేరింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) పోరుమామిళ్ల శాసనం పేర్కొన్న దోషాల్లో పాలనకు సంబంధించినది ఏది?
(ఆ) ఖండం, షామిలాత్ దశబంధాల మధ్య తేడా ఏమిటి?

4. కుడిమరామత్తు: శ్రమ ఎవరిది?

‘కుడి’ అంటే సాగుదారు. సాగుదారులు తమ శ్రమతో చేసుకొనే మరమ్మతే కుడిమరామత్తు. కాలువల్లో పూడిక తీయడం, కట్ట మీద కంప కొట్టడం, వాన కోతలు పూడ్చడం వంటి చిన్న పనులు దీని కిందికి వచ్చేవి. ఎండాకాలంలో పొలం పనులు లేనప్పుడు ఇంటికి ఒక మనిషి చొప్పున వెళ్లి ఈ పనులు చేసేవారు.

పాత రోజుల్లో ఊరంతా ఒక్కటై పనిచేసేదని, తరవాత అదంతా చెడిపోయిందని చెప్పడం తేలిక. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక ప్రశ్న వేయాలి. ఊరంతా అంటే ఎవరు? ఎక్కువ భూమి గల రైతు తన వంతుకు పాలేరును పంపేవాడు. తట్ట మోసినవారిలో ఆయకట్టు కింద సెంటు భూమి లేనివారు ఎందరో ఉండేవారు. నీరటి చాలా గ్రామాల్లో దళిత కులాలకు చెందినవాడు. గండి పడిన రాత్రి ప్రాణానికి తెగించి కట్ట మీదికి వెళ్లవలసింది అతనే. నీరు ముందు ఎవరి పొలానికి పారాలన్న నిర్ణయం మాత్రం అతని చేతిలో ఉండేది కాదు. లబ్ధి, శ్రమ, నిర్ణయం ఒకే ఊరి పొలిమేరలోనే ఉన్నా, ఒకే మనుషుల చేతిలో ఉండేవని అనుకోరాదు. పాత ఏర్పాటు నిలకడగా ఉండేదన్నది నిజం, న్యాయంగా ఉండేదని చెప్పడం కష్టం.

5. కంపెనీ, బ్రిటిష్ పాలనలో మార్పులు

19వ శతాబ్దంలో ఈ ఏర్పాట్లు నాలుగు వైపుల నుంచి బలహీనపడ్డాయి.

మొదటిది, భూమి శిస్తు విధానం. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయ విధానం వచ్చిన జమీందారీ ప్రాంతాల్లో చెరువు మరమ్మతు జమీందారుదా, రైతులదా అన్న తగాదాలు పెరిగాయి. మరమ్మతులు జరగనప్పుడు రైతులు కలెక్టరుకు అర్జీ పెట్టుకొనే వీలు కల్పిస్తూ 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చవలసి వచ్చింది. దత్త మండలాల వంటి చోట్ల రైత్వారీ విధానం వచ్చింది. దీనిలో ప్రతి రైతూ విడిగా ప్రభుత్వంతో లెక్క చూసుకొంటాడు. ఊరు ఉమ్మడిగా బాధ్యత వహించే పద్ధతి క్రమంగా సడలింది.

రెండోది, ఆదాయం వెళ్లే దారి. 1865 మద్రాసు సాగునీటి సెస్సు చట్టం ప్రభుత్వ నీటి వనరుల మీద సెస్సు వసూలుకు అధికారం ఇచ్చింది. చెరువు నీటికి చెల్లించిన సొమ్ము ఖజానాకు చేరేది. ఆ చెరువుకు మరమ్మతు కావాలంటే అంచనాలు వేయాలి, మంజూరు రావాలి. ఈలోగా వానలు వచ్చేవి.

మూడోది, ఇంజనీరింగు శాఖ ఏర్పాటు. 1850ల తరవాత పెద్ద ఆనకట్టల మీద దృష్టి ఎక్కువైంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దీని ఫలితాలు గొప్పగా ఉన్నాయి. వేల సంఖ్యలో చెదిరి ఉన్న చిన్న చెరువుల మీద మాత్రం అంతటి శ్రద్ధ పెట్టలేకపోయారు. 1876–78 కరువు తరవాత, 1883లో మద్రాసు ప్రభుత్వం చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ప్రారంభించి చెరువులను పరిశీలించి కొలతలు నమోదు చేయించింది. అది ఉపయోగకరమైన పనే. కాని ఒకసారి బాగుచేసిన చెరువును ఆ తరవాత ఎవరు చూసుకోవాలన్న పాత ప్రశ్న అలాగే మిగిలింది.

నాలుగోది, ఆచారాన్ని చట్టంగా మార్చే ప్రయత్నం. 1858లో వచ్చిన నిర్బంధ శ్రమ చట్టం వరద ముప్పు ఏర్పడినప్పుడు గ్రామస్థుల చేత పనిచేయించే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. ఆచారం ప్రకారం చేయవలసిన చెరువు పనికి రానివారి నుంచి ఆ శ్రమ విలువకు రెట్టింపు సొమ్ము వసూలు చేయవచ్చని చెప్పింది. అప్పటి వరకు ఊరి కట్టుబాటుగా ఉన్నది ప్రభుత్వాజ్ఞగా మారింది. ఖర్చు, శ్రమ ఊరివే. సొమ్ము, నిర్ణయం మాత్రం ఊరి చేతిలో లేవు. అటువంటి పనికి మనుషులు ఇష్టంగా ఎందుకు వస్తారు? కుడిమరామత్తు క్షీణించడానికి రైతుల సోమరితనమే కారణమని కొందరు అధికారులు భావించారు. పైన చెప్పిన విషయాలను కలిపి చూస్తే ఆ నిర్ధారణ ఎంత అసంపూర్ణమో మీకే తెలుస్తుంది.

6. స్వాతంత్ర్యం తరవాత

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు, 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. సామాజిక న్యాయం దృష్ట్యా ఇవి అవసరమైన సంస్కరణలు. అయితే భూమికీ, దానికి ముడిపడి ఉన్న చెరువు పనికీ మధ్య గల బంధం చాలా చోట్ల తెగిపోయింది. దాని స్థానంలో మరో ఏర్పాటు రాలేదు. 100 ఎకరాలకు మించిన ఆయకట్టు గల చెరువులను నీటిపారుదల శాఖ, అంతకంటె చిన్నవాటిని పంచాయతీరాజ్ వ్యవస్థ చూసుకొనేవి. 1984లో మునసబు, కరణం వంటి పాత గ్రామాధికారుల పదవులు రద్దు కావడంతో నీటి తగాదాలు తీర్చే పాత పద్ధతీ మారింది. మేరలు ఇచ్చే అలవాటు తగ్గి నీరటి పని కూడా పలు ఊళ్లలో కనుమరుగైంది.

ఇదే కాలంలో బోరుబావులు పెరిగాయి. సొంత బోరు ఉన్న రైతుకు తూము ఎప్పుడు తెరుస్తారన్న ఆత్రుత ఉండదు. కట్ట మీద చిల్లచెట్లు పెరిగినా అతని పైరుకు వెంటనే వచ్చిన ముప్పు లేదు. అయితే ఆ బోరులోకి నీరు ఎక్కడి నుంచి వస్తోంది? చాలా చోట్ల ఆ చెరువులో ఇంకిన నీరే. ఈ విషయాన్ని మళ్లీ చర్చిద్దాం.

7. 1997 చట్టం: చెరువు చుట్టూ ఒక పరిధి

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించే చట్టాన్ని చేసింది. అంతకు ముందే నీటి తీరువాను సుమారు మూడు రెట్లు పెంచారు. రైతుల మీద భారం పెంచినప్పుడు నిర్ణయాల్లో కూడా వారికి భాగం ఇవ్వాలన్నది దీని వెనుక ఉన్న ఆలోచనల్లో ఒకటి. 1997 జూన్‌లో ఎన్నికలు జరిగి రాష్ట్రమంతటా 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వీటిలో అధిక భాగం చెరువుల వంటి చిన్నతరహా వనరుల కింద ఏర్పడినవే.

ఈ చట్టంలో ముఖ్యమైన విషయం పరిధి నిర్ణయం. సంఘం పరిధిని రెవెన్యూ గ్రామం హద్దుల ప్రకారం కాక, నీరు పారే హద్దుల ప్రకారం గీశారు. ఒక చెరువు ఆయకట్టు రెండు ఊళ్లలో ఉంటే ఆ రెండు ఊళ్ల రైతులూ ఒకే సంఘంలో సభ్యులు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషానికి ఇదొక పరిష్కారం అనవచ్చు. ఆయకట్టులోని భూమిదారులు ఓటు వేసి నిర్వహణ కమిటీని ఎన్నుకొంటారు. నీటి పంపిణీ, మరమ్మతులు, తగాదాల పరిష్కారం, లెక్కలు సభ్యుల ముందు ఉంచడం సంఘం విధులు. సాగైన విస్తీర్ణాన్ని సంఘం, రెవెన్యూ శాఖ, నీటిపారుదల శాఖ కలిసి అజమాయిషీ చేస్తాయి. వసూలైన తీరువాలో చిన్నతరహా వనరుల విషయంలో 90 శాతం సంఘానికి, 10 శాతం గ్రామ పంచాయతీకి చెందాలని నిర్ణయించారు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక చెరువు కింద 200 ఎకరాలు సాగవుతున్నాయని, తీరువా ఎకరాకు 100 రూపాయలని అనుకోండి. మొత్తం 20,000 రూపాయలు. 90 శాతం అంటే 18,000. కట్ట మీద కంప కొట్టించడానికి, తూము తలుపుకు గ్రీజు పెట్టించడానికి, వానాకాలంలో ఒక మనిషిని కాపలా ఉంచడానికి ఈ సొమ్ము కొంతవరకు సరిపోవచ్చు. గండి పడితే మాత్రం ఏ మూలకూ చాలదు. అందుచేత ఏటా అందే చిన్న మొత్తం చాలా విలువైనది. పెద్ద ఖర్చు రాకుండా ఆపేది అదే.

ఆచరణలో ఇబ్బంది వచ్చింది ఇక్కడే. తీరువాను వసూలు చేసేది రెవెన్యూ శాఖ. సంఘం వాటా వెనక్కి సకాలంలో రాలేదు. మొదటి ఏళ్లలో ప్రభుత్వ గ్రాంటులతో పనులు చురుకుగా సాగాయి. గ్రాంటులు తగ్గినప్పుడు సంఘాల ఉత్సాహం తగ్గింది. పనులు లేని సంఘం సమావేశానికి ఎవరు వస్తారు? ఎన్నుకొన్న కమిటీ ఉంది, చట్టం ఇచ్చిన అధికారం ఉంది, చేతిలో సొమ్ము లేదు. ఖర్చు, నిర్ణయం మళ్లీ విడిపోయాయి.

తెలంగాణ ఏర్పడిన తరవాత 2015లో 46,531 చెరువులను బాగుచేసే లక్ష్యంతో మిషన్ కాకతీయ ప్రారంభమైంది. పూడిక తవ్వకానికి ప్రభుత్వం ఖర్చుపెట్టగా, ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్ల మీద పొలాలకు తోలుకొన్నారు. తనకు లాభం కనిపించినప్పుడు రైతు తన వంతు భరించడానికి వెనుకాడడని ఇది చూపింది. పునరుద్ధరణ తరవాత వచ్చే ఏటేటి పని సంగతేమిటన్నది 1883 నాటి ప్రశ్నే. ఈనాటికీ ప్రతి చెరువు దగ్గరా ఆ ప్రశ్న ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) నీటి వినియోగదారుల సంఘం పరిధిని దేని ఆధారంగా నిర్ణయిస్తారు?
(ఆ) సంఘాల ఆర్థిక బలహీనతకు ముఖ్య కారణం ఏమిటి?

8. పోల్చి చూద్దాం: మిషిగన్ అనుభవం

ఇది మన దేశానికి మాత్రమే పరిమితమైన సమస్యా అన్న సందేహం మీకు కలగవచ్చు. కాదని చెప్పడానికి అమెరికా నుంచి ఒక ఉదాహరణ చూద్దాం.

మిషిగన్ రాష్ట్రంలో తిట్టబవాసీ నది, దాని ఉపనది మీద 1920లలో విద్యుత్తు కోసం నాలుగు ఆనకట్టలు కట్టారు. వాటి వెనుక నాలుగు సరస్సులు ఏర్పడ్డాయి. కాలక్రమంలో గట్ల వెంట వేల ఇళ్లు వెలిశాయి. ఆ ఇళ్లకు విలువ ఇచ్చింది సరస్సు. సరస్సును నిలబెట్టింది ఆనకట్ట. ఆనకట్ట మాత్రం ఒక ప్రైవేటు యజమానిది, దాని ఆదాయం విద్యుత్తు అమ్మకం. వాటిలో ఒకటైన ఈడెన్‌విల్ ఆనకట్టకు పెద్ద వరదను వదలగల సామర్థ్యం లేదన్న కారణంతో 2018లో కేంద్ర నియంత్రణ సంస్థ విద్యుదుత్పత్తి లైసెన్సును రద్దు చేసింది. దానితో ఆ ఆనకట్టకు ఉన్న ఆదాయం పోయింది.

అప్పుడు మిడ్‌లాండ్, గ్లాడ్విన్ అనే రెండు కౌంటీలు కలిసి, మిషిగన్‌లోని సరస్సు మట్టాల చట్టం కింద ఒక ప్రత్యేక పన్ను పరిధిని ఏర్పాటు చేయడానికి పూనుకొన్నాయి. సరస్సు వల్ల లబ్ధి పొందే ఆస్తుల యజమానులు లబ్ధిని బట్టి చెల్లించాలి, ఆ సొమ్ముతో ఆనకట్టలను కొని బాగుచేయాలి అన్నది ఆలోచన. 2019లో కోర్టు సరస్సుల చట్టబద్ధ నీటి మట్టాన్ని, ఆ పరిధిని ఖరారు చేసింది. ఆనకట్టలు చేతికి రాకముందే 2020 మే 19న భారీ వర్షాల తరవాత ఈడెన్‌విల్ మట్టి కట్ట తెగింది. ఆ నీరు దిగువనున్న శాన్‌ఫర్డ్ ఆనకట్టను కూడా తెంచింది. 10 వేల మందికి పైగా ఇళ్లు విడిచి వెళ్లవలసి వచ్చింది. గొలుసుకట్టు చెరువుల గురించి మనం అనుకొన్నదే అక్కడా జరిగింది.

తరవాత పునర్నిర్మాణానికి రాష్ట్రం 20 కోట్ల డాలర్లు ఇచ్చింది. అదీ చాలలేదు. 2024లో ఆస్తి యజమానుల మీద 20 కోట్ల డాలర్లకు పైగా పన్ను విధించడానికి కౌంటీలు ఆమోదం తెలిపాయి. దీన్ని ఏళ్ల తరబడి వాయిదాల్లో చెల్లించవచ్చు. అయినా భారం ఎక్కువన్న కారణంతో కొందరు కోర్టుకు వెళ్లారు. కొన్ని దశాబ్దాల పాటు ఏటా కొంచెం కొంచెంగా చెల్లించవలసినది కట్ట తెగిన తరవాత ఒక్కసారిగా మీద పడితే ఎలా ఉంటుందో ఊహించండి. పరిధిని గీయడం మంచి పనే. ఆలస్యంగా గీయడం వల్ల వచ్చిన నష్టం ఇది.

9. హద్దు ఎక్కడ గీయాలి?

చెరువుకు ఒక నిర్వహణ పరిధి ఉండాలని ఇంతవరకు గ్రహించాం. ఆ పరిధిలో ఎవరుండాలన్నది మిగిలిన ప్రశ్న. తూము కింద పారే పొలాల వరకే హద్దు గీస్తే కొందరు బయట ఉండిపోతారు.

బోరు రైతు సంగతి ఇదివరకే చెప్పుకొన్నాం. చెరువు నిండితే అతని బోరులో నీరు పెరుగుతుంది. అతని పొలం ఆయకట్టు లెక్కలో ఉండకపోవచ్చు. అప్పుడు లబ్ధి ఉంది గాని చెల్లింపు లేదు. చేపలు పట్టే బెస్తవారు, బట్టలు ఉతికే చాకలివారు, పశువులను తోలుకొచ్చే కాపరులు చెరువు మీద ఆధారపడినా వారికి ఆయకట్టులో భూమి ఉండదు. 1997 చట్టం ఇతర నీటి వినియోగదారులను సభ్యులుగా చేర్చుకోవచ్చని అంటూనే వారికి ఓటు హక్కు ఇవ్వలేదు. ఓటు భూమి యాజమాన్యంతో ముడిపడి ఉన్నందున, పొలంలో నాట్లు వేసి నీరు కట్టే స్త్రీలలో చాలామంది ఓటరు జాబితాలో కనిపించరు. కట్ట కింద, వాగు వెంట ఇళ్లున్నవారికి చెరువు వల్ల లాభం లేకపోవచ్చు. కట్ట తెగితే మొదట మునిగేది మాత్రం వారి ఇళ్లే.

వీరందరూ ఒకే మొత్తం చెల్లించాలని దీని అర్థం కాదు. పొందే లబ్ధిని బట్టి చెల్లింపు ఉండవచ్చు. ముప్పు భరించేవారికి చెల్లింపు లేకుండానే మాట్లాడే హక్కు ఉండవచ్చు. పాత కుడిమరామత్తులో భూమి లేనివారి చేత తట్ట మోయించి నిర్ణయం మాత్రం ఇతరులు చేసిన తప్పును మనం మళ్లీ చేయకూడదు. చెరువు చుట్టూ గీసిన హద్దు ఒక లెక్క మాత్రమే కాదు, ఎవరి మాటకు విలువ ఉంటుందో చెప్పే గీత కూడా.

10. సారాంశం

చెరువును నిర్మించడం ఒకసారి చేసే పని, కట్టను కాపాడటం ప్రతి ఏటా చేయవలసిన పని. దశబంధం, మేరల ఏర్పాట్లలో చెరువు ఫలంలో కొంత భాగం నేరుగా చెరువుకు చేరింది, అయితే శ్రమ భారం సమానంగా లేదు. వలస పాలనలో రాబడి ఖజానాకు వెళ్లగా శ్రమ ఊరి మీద మిగిలింది. స్వాతంత్ర్యం తరవాత పాత బంధాలు తెగాయి, కొత్తవి ఆలస్యంగా వచ్చాయి. 1997 చట్టం నీటి హద్దుల ప్రకారం పరిధిని గీసి రైతులకు అధికారం ఇచ్చినా, సొమ్ము సకాలంలో చేరలేదు, భూమి లేని వినియోగదారులకు ఓటు దక్కలేదు. లబ్ధి, ఖర్చు, నిర్ణయం ఈ మూడింటినీ ఒకే పరిధిలోకి తేవడం, అదీ గండి పడక ముందే తేవడం ఈ చరిత్ర మనకు చెప్పే పాఠం.

మీరు చేయదగిన పని: మీకు దగ్గరలోని ఒక చెరువు కట్ట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడవండి. తూము, అలుగు ఏ స్థితిలో ఉన్నాయో రాసుకోండి. కట్ట మీద కంప చివరిసారి ఎప్పుడు కొట్టారో, ఆ కూలి ఎవరిచ్చారో ఊరి పెద్దలను, చేపలు పట్టేవారిని, ఆయకట్టు చివరి పొలం రైతును విడివిడిగా అడగండి. ముగ్గురి సమాధానాలూ ఒకటేనా? కాకపోతే ఎందుకు కాలేదో ఒక పేజీలో రాసి సంపర్క తరగతికి తీసుకురండి.

11. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తెలుగు ప్రాంతాల్లో చెరువుల నిర్వహణకు గల సంప్రదాయ ఏర్పాట్లను వివరించి, వాటిలోని లోపాలను చర్చించండి.
2. వలస పాలనలో కుడిమరామత్తు క్షీణించడానికి కారణాలను విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పోరుమామిళ్ల శాసనం ప్రాముఖ్యాన్ని తెలపండి.
2. నీటి వినియోగదారుల సంఘాల విధులు, పరిమితులు ఏమిటి?
3. మిషిగన్ అనుభవం నుంచి మన చెరువుల నిర్వహణకు ఏమి నేర్చుకోవచ్చు?